మా వాకిలికి మూడు పెళ్లిళ్ల రంగులు

మావైపు తలుపునే వాకిలి అంటాం. పత్తికొండలో మా అత్తగారి మిద్దె వాకిలికి ఇంట్లో జరిగిన ప్రతి పెళ్లికీ ఒక పూత పడింది. మా పెళ్లికి ఆకుపచ్చ, ఆడబిడ్డ పెళ్లికి పసుపు, మరిది పెళ్లికి మళ్లీ ఆకుపచ్చ. కిందిది తీయకుండానే పైన పూసుకుంటూ పోయారు. పడమటి ఎండకు అవన్నీ కలిసి అప్పడాల్లా లేచాయి.

పోయిన వేసవిలో మా అమ్మాయి రెండో కాన్పుకు వచ్చింది. వెంట రెండేళ్ల మనవడు. ఓ మధ్యాహ్నం చూద్దును కదా, వాడు గడప మీద కూర్చుని ఆ పెచ్చులు ఒలిచి నోట్లో పెట్టుకుంటున్నాడు!

నోట్లో వేలు పెట్టి తీసేశాను. మరునాడే రంగులేసే అతన్ని పిలిపిస్తే, వచ్చీరాగానే ఉప్పు కాగితం తీసి గరగరా రుద్దడం మొదలెట్టాడు. ఇల్లంతా ఆకుపచ్చ దుమ్ము. "ఆపు నాయనా, ఆపు" అని అరిచాను. అత్తకు కోపమొచ్చింది. "నా కొడుకు ఈ వాకిలి పట్టుకొనే గదా నడక నేర్చినాడు, వానికేమైంది?" అంది. ఏమైందో నేను చెప్పడం బాగుండదు కదా!

అసలు సంగతేమంటే, పాత ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా మెరిసే పసుపు, ఎరుపు, ఆకుపచ్చల్లో సీసం కలిపేవారు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలైంది. మా వాకిలి పూతలన్నీ అంతకు ముందువే. సీసం పసివాళ్ల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. గర్భిణి ఒంట్లో చేరితే కడుపులో బిడ్డకూ చేరుతుంది. ఇంతవరకు ఫర్వాలేదు అనే లెక్కే లేదంటారు వైద్యులు.

అమ్మాయినీ పిల్లాణ్నీ ఆదోనిలో మా చెల్లెలింటికి పంపాకే పని సాగనిచ్చాను. తలుపులు ఊడదీయించి, పెరట్లో ప్లాస్టిక్ పట్టా పరిపించాను. నీళ్లతో తడుపుతూ గీకితే దుమ్ము లేవదు. మంటతో కాల్చి ఒలుద్దామన్నాడతను. ఆ పొగలోనూ సీసం ఉంటుంది, వద్దన్నాను. పెచ్చులన్నీ గట్టి సంచిలో మూటగట్టించాను, పొయ్యిలోకి పోనివ్వలేదు. ఇంట్లో నేలను కూడా చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతోనే తుడిచాం.

చెక్క బాగా ఆరాక పని సులువే. టేకులో నూనె ఉంటుంది కనుక టర్పెంటైన్ గుడ్డతో తుడిచాకే ప్రైమర్. పగుళ్లకు లప్పం, మళ్లీ సన్న కాగితంతో రుద్దడం, ఆపైన రెండు పూతలు. పొద్దున్నే వేయించండి. నడినెత్తిన ఎండుండగా వేస్తే పైపొర ముందే ఆరి బుడగలొస్తాయి. డబ్బా మీద సీసం కలపలేదని రాసుందో లేదో చూసి కొనండి. ఇంకో మాట, తలుపు అడుగు అంచుకు రంగు వేయాలని ఎవరికీ గుర్తుండదు. నీళ్లు పీల్చేదీ, చెద పట్టేదీ అక్కడే. ఊడదీయడం దానికీ కలిసొచ్చింది.

గడపకు మాత్రం రంగు వద్దంది అత్త. పసుపే రాసుకుంటానంది. సరేనన్నాను.

కర్నూల్లో పిల్లాడికి రక్తపరీక్ష చేయించాం. సీసం తక్కువే ఉందని చీటీ వచ్చేదాకా నాకు ముద్ద దిగలేదు. ఆ మాట విని అత్త ఏమీ అనలేదు. సాయంత్రం మాత్రం వంటింటి కిటికీ చూపించి, "దీన్నెప్పుడు గీకిస్తావు?" అంది.