లక్ష రూపాయలు, 115 వాట్లు

మాది రేపల్లె దగ్గర పల్లె. ధాన్యం డబ్బుల్లోంచి నాన్న లక్ష ఇచ్చి, "ఇంతే రా, మళ్ళీ అడగొద్దు" అన్నాడు.

తెనాలి షాపులో రెండు గేమింగ్ లాప్‌టాప్‌లు చూశా. రెండింట్లోనూ ఆర్‌టీఎక్స్ 4060, 8 జీబీ వీడియో మెమరీ. తేడా అంతా వాట్లలో ఉంది. ఎన్వీడియా లెక్క ప్రకారం ఈ చిప్‌కి కంపెనీలు 35 నుంచి 115 వాట్ల దాకా ఇవ్వొచ్చు. వాట్లు తగ్గితే ఫ్రేములూ తగ్గుతాయి. అందుకే సన్నటిది వదిలేసి, 115 వాట్ల లావుపాటిది తీసుకున్నా.

ర్యామ్ స్లాట్ ఉంటే తర్వాత పెంచుకోవచ్చు, వీడియో మెమరీ పెంచలేం. ధర 18 శాతం జీఎస్టీతో కలిపే అడగండి. బ్యాటరీ మీద పూర్తి వేగం రాదు, బాపట్ల హాస్టల్లో ఛార్జర్ పెట్టే ఆడుతున్నా.

మిగిలిన మూడు వేలు నాన్నకిచ్చేశా. "దీంతో చదువు కూడా అవుద్దా?" అన్నాడు. అవుద్దన్నా. ఇక అవ్వాలి.