ఛాయాచిత్రంలో పొరలు

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవ హెచ్చరికను, 53 అడుగులకు మూడవ హెచ్చరికను జారీ చేస్తారు. 1986 ఆగస్టు 16న ఆ నది 75.6 అడుగుల మట్టానికి, 2022 జూలై 16న 71.3 అడుగుల మట్టానికి చేరింది. అటువంటి వరద తగ్గిన తరువాత ఇండ్లకు తిరిగి వచ్చినవారు తడిసిన ధాన్యాన్ని, కూలిన గోడలను, కొట్టుకొనిపోయిన గొడ్డుగోదను లెక్కించుకుంటారు. ఏ లెక్కకూ ఎక్కని నష్టం మరొకటి ఉంటుంది. గోడకు వ్రేలాడిన పటాలు, ట్రంకుపెట్టె అడుగున ఒకదానికొకటి అంటుకొనిపోయిన పెండ్లి ఫోటోలు, చనిపోయిన తండ్రికి మిగిలిన ఒకే ఒక్క పాసుపోర్టు సైజు చిత్రం మళ్లీ కొనగలిగిన వస్తువులు కావు. వాటి నెగెటివులు ఏనాడో పోయి ఉంటాయి. తీసిన స్టూడియో కూడా ఇప్పుడు ఉండకపోవచ్చు.

ఇట్లా చెడిపోయిన చిత్రాలను బాగుచేసే పని నేడు చాలావరకు కంప్యూటరుపై జరుగుతున్నది. ఆ పనికి ఆధారం ‘పొర’ అనే భావన. స్టూడియోలలో దీనిని లేయర్ అంటారు. పొరలను తెలిసి వాడినవాడు మూలచిత్రానికి హాని చేయకుండా, తక్కువ కాలంలో, ఎన్నిసార్లైనా దిద్దుకోగల రీతిలో పని చేస్తాడు. తెలియక వాడినవాడు వరద మిగిల్చిన దానిని కూడా తన చేతులతో తుడిచివేసే ప్రమాదం ఉన్నది.

కంప్యూటరు వద్దకు వెళ్లకముందే చేయవలసిన పని కొంత ఉన్నది. ఫోటో కాగితంపై జిలాటిన్ అనే పలుచని పూత ఉంటుంది. చిత్రమంతా ఆ పూతలోనే, నలుపు తెలుపు ఫోటోలలో వెండి రేణువుల రూపంలో, రంగుల ఫోటోలలో రంజకద్రవ్యాల రూపంలో ఇమిడి ఉంటుంది. తడిసిన జిలాటిన్ ఉబ్బి మెత్తబడుతుంది. ఆరేటప్పుడు పక్కనున్న కాగితాన్ని పట్టుకొంటుంది. కాబట్టి అంటుకొన్న ఫోటోలను బలవంతంగా లాగరాదు. శుభ్రమైన చల్లని నీటిలో వాటిని నానబెట్టి, వాటంతట అవి విడివడేవరకు ఓపిక పట్టాలి. తరువాత బొమ్మవైపు పైకి ఉండేటట్లు గుడ్డపై పరచి, నీడలో ఆరనివ్వాలి. బురదను వ్రేలితో రుద్దితే బురదతోపాటు ముఖం కూడా పోతుంది. ఇంకుజెట్ యంత్రంపై అచ్చువేసిన బొమ్మలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. నీటిలో వాటి సిరా చెదరవచ్చు.

ఆరిన చిత్రాన్ని స్కాన్ చేసేటప్పుడు చిన్న లెక్క అవసరం. రెండు అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల ఎత్తు ఉన్న ఫోటోను అంగుళానికి 1200 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అడ్డంగా 2400, నిలువుగా 3000 చుక్కలు వస్తాయి. అచ్చులో అంగుళానికి 300 చుక్కలు చాలు. అంటే ఆ చిన్న బొమ్మ నుండి ఎనిమిది అంగుళాల వెడల్పు, పది అంగుళాల ఎత్తు గల పటాన్ని తయారుచేయవచ్చు. ఫోటో వెనుకవైపును కూడా తప్పక స్కాన్ చేయాలి. తేదీ, ఊరు, స్టూడియో ముద్ర తరచుగా అక్కడే ఉంటాయి. భద్రాచలంలో తీసిన ఒక పాత ఫోటో వెనుక ‘తూర్పు గోదావరి జిల్లా’ అని వ్రాసి ఉంటే అది పొరపాటు కాదు. 1959లో ఖమ్మం జిల్లాలో చేరేవరకు భద్రాచలం ఆ జిల్లాలోనే ఉండేది. అంటే ఆ రెండు మాటలు ఫోటో వయస్సును కూడా చెబుతున్నాయి.

ఇక పొర అంటే ఏమిటో చూద్దాం. ఒక బొమ్మపై గాజుపలకను ఉంచి, ఆ పలకపై రంగు వేసినామనుకొందాం. పైనుండి చూసేవారికి బొమ్మా రంగూ కలిసి ఒకే చిత్రంగా కనబడతాయి. పలకను తీసివేస్తే క్రింది బొమ్మ చెక్కుచెదరకుండా ఉంటుంది. కంప్యూటరులోని పొర అటువంటి గాజుపలకయే. ఒకదానిపై ఒకటిగా పలకలను ఎన్నింటినైనా పేర్చవచ్చు, వాటి వరుసను మార్చవచ్చు, ఒకదానిని కొంతసేపు కనబడకుండా చేయవచ్చు.

ఈ ఆలోచన కంప్యూటరుతో పుట్టినది కాదు. 1857లోనే ఆస్కార్ రెయ్‌లాండర్ అనే ఛాయాచిత్రకారుడు ముప్పయికి పైగా నెగెటివులను కలిపి ‘టూ వేస్ ఆఫ్ లైఫ్’ అనే ఒకే చిత్రాన్ని రూపొందించాడు. మన సినిమాలలో ఒకే నటుడు ఎదురెదురుగా నిలబడి తనతో తానే మాట్లాడే దృశ్యాల కోసం కెమెరా కటకంలో ఒక సగాన్ని మూసి చిత్రీకరించి, ఫిలింను వెనుకకు త్రిప్పి, రెండవ సగాన్ని మూసి మళ్లీ చిత్రీకరించేవారు. ఆ మూతయే నేటి కంప్యూటరులో ‘మాస్క్’ అయినది. థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు రూపొందించిన ఫోటోషాప్ 1990లో విడుదలయినప్పటికీ దానిలో పొరలు 1994 నాటి మూడవ రూపంలో గాని రాలేదు. అంతకుముందు ఒక బొమ్మపై మరొక బొమ్మను అతికించి స్థిరపరిస్తే రెండూ కలిసిపోయేవి. వాటిని విడదీయటం సాధ్యమయ్యేది కాదు. 1996లో ప్రజలకు అందిన గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూడా కాలక్రమాన పొరలు చేరాయి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనలేని చిన్న స్టూడియోకు అది చక్కగా సరిపోతుంది.

ఆచరణలో మొట్టమొదటి నియమం: స్కాన్ చేసిన చిత్రం అన్నిటికంటె అడుగుపొర. దానికి తాళం వేయాలి. దానిపై ఒక్క గీత కూడా గీయరాదు. ఇక్కడ చాలామంది మూలచిత్రానికి నకలు తీసి ఆ నకలుపై పని మొదలుపెడతారు, మరొక మార్పుకు మరొక నకలు తీస్తారు. పైన చెప్పిన 2400, 3000 చుక్కల చిత్రంలో ఒక్కొక్క చుక్కకు మూడు బైట్ల చొప్పున ఒక నిండుపొర సుమారు 2 కోట్ల 16 లక్షల బైట్ల స్థలాన్ని ఆక్రమిస్తుంది. పది నకళ్లు తీస్తే దానికి పదిరెట్లు. పాత కంప్యూటరు మొరాయించటానికి తరచుగా ఇదే కారణం. నకలుకు బదులు ఖాళీ పొరను తెరచి, మరకలను పూడ్చే పనిముట్టును క్రింది పొరలనుండి కూడా రంగును గ్రహించేటట్లు అమర్చుకొంటే, పూడిక మాత్రమే ఆ ఖాళీ పొరపై పడుతుంది. స్థలం ఆదా అవుతుంది. అంతకంటె ముఖ్యంగా, మనం చేర్చినది ఎంతో, ఎక్కడో స్పష్టంగా కనబడుతుంది. అడుగుపొరను దాచి ఆ పొరను ఒక్కదానినే చూస్తే మన చేతిపని అంతా శూన్యంలో తేలుతున్న చిన్న చిన్న ముక్కలుగా దర్శనమిస్తుంది. ప్రతి దిద్దరీ దీనిని అప్పుడప్పుడు చూసుకోవాలని నా అభిప్రాయం. మరమ్మతు ఎక్కడ ఆగి కల్పన ఎక్కడ మొదలయినదో అప్పుడు తెలుస్తుంది.

పొరలకు పేర్లు పెట్టటం అల్పమైన విషయంగా తోస్తుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ‘లేయర్ 1’, ‘లేయర్ 2’ అని పేర్లు పెడుతుంది. ఇరవై పొరలు చేరిన తరువాత వాటిలో చెంపపై మరకను పూడ్చినది ఏదో వెదకటానికే సగం పూట గడిచిపోతుంది. ‘ఎడమ చెంప మరక’, ‘తలపాగా చినుగు’, ‘గోడ బూజు’ అని వ్రాసుకొంటే ఆరునెలల తరువాత మరొకరు తెరచినా అర్థమవుతుంది. ముఖానికి సంబంధించిన పొరలను ఒక సముదాయంగా, వెనుకతెరకు సంబంధించిన వాటిని మరొక సముదాయంగా కట్టివేయాలి.

అనవసరమైన భాగాన్ని తొలగించటానికి రబ్బరును వాడేవారున్నారు. రబ్బరు తుడిచినది తిరిగిరాదు. మాస్క్ అయితే దేనినీ తుడవదు, మూసి ఉంచుతుంది. దానిపై నలుపు పూసినచోట పొర మరుగుపడుతుంది, తెలుపు పూసినచోట కనబడుతుంది, బూడిదరంగు పూసినచోట పాక్షికంగా కనబడుతుంది. చెవి అంచు పొరపాటున మరుగుపడితే తెల్లని కుంచెతో ఒకసారి రాస్తే చాలు, చెవి తిరిగి వస్తుంది.

వెలుగునీడలను, రంగులను మార్చటానికి సవరణపొరలు ఉన్నాయి. వీటిలో చిత్రం ఉండదు, ‘ఇంత ముదురు చేయుము, ఇంత ఎరుపు తగ్గించుము’ అనే ఆదేశం మాత్రమే ఉంటుంది. అందువలన అవి ఎక్కువ స్థలాన్ని తీసుకోవు. ఎప్పుడు కావాలన్నా అంకెను మార్చుకోవచ్చు. గింప్‌లో ఇటువంటి సౌకర్యం చాలాకాలం లేదు. 2025లో వెలువడిన 3.0 రూపంలో మూలాన్ని మార్చకుండా ప్రభావాలను చేర్చే వీలు కలిగింది. వెలిసిపోయిన ఫోటోకు మరొక సులువైన ఉపాయం ‘మల్టిప్లై’ అనే మేళనం. ప్రతి చుక్క కాంతిని సున్నకు, ఒకటికి మధ్య సంఖ్యగా భావించి, పైపొర సంఖ్యను క్రిందిపొర సంఖ్యతో గుణిస్తారు. సగాన్ని సగంతో గుణిస్తే పావు వస్తుంది కనుక బూడిదరంగు ముదురుతుంది. తెలుపు విలువ ఒకటి కనుక అది తెలుపుగానే ఉండిపోతుంది.

ఇంతవరకు చెప్పినది చేతిపని. మరకను గుర్తించటం అంతకంటె కష్టమైనది. ఈ ప్రాంతపు పాత చిత్రాలలో కొండవాలుపై ఒక తెల్లని చార కనబడవచ్చు. అది బూజు కావచ్చు, నీటిచార కావచ్చు. పోడు వ్యవసాయానికై నరికిన చెట్లను కాల్చినప్పుడు లేచిన పొగ కూడా కావచ్చు. అడవి అంచున ఎన్నడూ తిరుగని దిద్దరి దానిని మరకగా భావించి, పక్కనున్న పచ్చదనంతో పూడ్చివేస్తాడు. చిత్రం అందంగా తయారవుతుంది, పోడు మాత్రం మాయమవుతుంది.

ఇది ఊరికే చెబుతున్న మాట కాదు. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1940ల తొలినాళ్లలో గోదావరి తీరంలోని పాపికొండల ప్రాంతపు కొండరెడ్ల మధ్య నివసించి, వారి జీవనాన్ని పరిశీలించి, 1945లో ‘ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్’ అనే గ్రంథాన్ని ప్రకటించాడు. ఆయన తీసిన ఛాయాచిత్రాలు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో భద్రంగా ఉన్నాయి. అటువంటి చిత్రాలలో పండితులు ముఖాలతోపాటు వెనుకనున్న గుడిసె చూరును, మూలనున్న బుట్ట అల్లికను, కొండపై చెట్ల సాంద్రతను కూడా పరిశీలిస్తారు. పోలవరం జలాశయపు ముంపు ప్రాంతమన్న కారణంతో కూనవరం, వరరామచంద్రపురం వంటి మండలాలను 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేర్చారు. అక్కడి ముంపు గ్రామాలలో ఏ ఇంటి గోడపైనో ఉన్న పెండ్లి ఫోటో వెనుకభాగంలో ఒక వీధి, ఒక చింతచెట్టు, ఒక బావి ఉండవచ్చు. రేపటివారికి ఆ ఊరి రూపాన్ని చూపగలిగినది అదే కావచ్చు. పెండ్లి జంట వెనుక నీలితెరను అమర్చి ఆ వీధిని మరుగుపరచమని ఇంటివారే కోరినా, స్టూడియోవారు దానిని మాస్క్‌తో మూయాలేగాని రబ్బరుతో తుడవరాదు.

చనిపోయినవారి పటాల విషయంలో ఇది మరింత సున్నితమైనది. చొక్కా లేకుండా, భుజాన తువ్వాలుతో దిగిన తాతకు కోటు తొడగమని అడగటం మన పల్లెలలో సాధారణమే. దానిని నేను తప్పుపట్టను. ఆయన జీవితకాలంలో కొనలేకపోయిన కోటును మనుమలు ఆ విధంగా తొడుగుతున్నారు. కాని కోటు ప్రత్యేకమైన పొరపై ఉండాలి, దాని పేరు కూడా ‘కోటు’ అనే ఉండాలి. తువ్వాలుతో ఉన్న తాత దాని క్రింద అట్లాగే ఉండాలి.

2023లో ఫోటోషాప్‌లో ప్రవేశించిన కృత్రిమ మేధ సాధనం, చెరిగిపోయిన భాగాన్ని క్షణాలలో తానే ఊహించి నింపుతున్నది. గోడను, ఆకాశాన్ని అది చక్కగా నింపుతుంది. కన్ను చెరిగిపోయినచోట మాత్రం ఎవరిదో కాని కన్నును పెడుతుంది. అది చూడటానికి సహజంగానే ఉంటుంది. చిక్కు అక్కడే ఉన్నది. అదృష్టవశాత్తు ఆ సాధనం తాను కల్పించినదానిని విడి పొరపైననే ఉంచుతుంది. దానికి ‘కల్పితం’ అని పేరు పెట్టి, ఇంటివారికి చూపించి, వారు ఒప్పుకొన్న తరువాతనే అచ్చువేయాలి. తల్లి కన్నును గుర్తుపట్టగలిగినవారు ఆ ఇంట్లోనే ఉంటారు.

పని పూర్తయిన తరువాత జేపెగ్ రూపంలో భద్రపరిస్తే పొరలన్నీ కలిసి ఒకటవుతాయి. పైగా జేపెగ్‌ను దిద్ది మళ్లీ భద్రపరిచిన ప్రతిసారీ కొంత వివరం నశిస్తుంది. అచ్చుకు, సెల్‌ఫోనుకు ఆ రూపం చాలు. పొరలతో కూడిన మూలాన్ని ఫోటోషాప్‌లో పిఎస్‌డిగా, గింప్‌లో ఎక్స్‌సిఎఫ్‌గా విడిగా ఉంచుకోవాలి. వానకాలంలో ఏ గాలివానకు కరెంటు పోతుందో తెలియదు కనుక మధ్యమధ్య భద్రపరుస్తూ ఉండటం మంచిది. వెనుకవైపు వ్రాతను స్కాన్ చేసిన బొమ్మను కూడా అదే ఫైలులో ఒక పొరగా చేర్చి, కనబడకుండా దాచివేయవచ్చు. పటాన్ని ఇంటివారికి అప్పగించేటప్పుడు ఆ ఫైలును కూడా ఒక పెన్‌డ్రైవులో ఇచ్చి, దానిని వేరొక ఊరిలోని బంధువుల ఇంట, నీరు చేరని ఎత్తున దాచుకోమని చెప్పాలి.