కాపు దిగాక మామిడి తోటను మరిచిపోతే

సంక్రాంతి దాటేసరికి నూజివీడు, చిత్తూరు, జగిత్యాల, కొల్లాపూర్ ప్రాంతాల్లో మామిడి చెట్లు పూత మీదుంటాయి. రైతుకు గుబులు పట్టుకునేదీ అప్పుడే. పూత కొమ్మను చేత్తో కాస్త కదిపితే నువ్వుగింజ కన్నా కొంచెం పెద్దగా, ముందు వెడల్పుగా వెనక సన్నగా ఉన్న గోధుమరంగు పురుగులు చిటచిటమని లేచి పక్క కొమ్మ మీద వాలతాయి. పురుగు మరీ ఎక్కువైన చెట్టు కిందకు వెళ్తే అవి ఆకులకు తగిలే చప్పుడు చెవికి వినిపిస్తుంది.

ఇది తేనెమంచు పురుగు. పూత కాడల్లో, లేత ఆకుల ఈనెల్లో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులూ పెద్దవీ కలిసి రసం పీల్చేయడంతో పూత మాడి రాలిపోతుంది. అవి విసర్జించే తియ్యటి జిగురు ఆకుల మీద పడి మెరుస్తుంది. కొద్ది రోజుల్లోనే దాని మీద నల్లటి మసి పడుతుంది. మసి కమ్మిన ఆకుకు ఎండ సరిగా అందదు, మసి అంటిన కాయకు మార్కెట్లో ధర పలకదు.

పురుగు కనపడగానే రైతు మందుల దుకాణానికి పరుగెత్తుతాడు. కానీ అది జనవరిలో ఎక్కడి నుంచో ఊడిపడింది కాదు. మిగతా కాలమంతా అదే తోటలో, బెరడు పగుళ్లలో తలదాచుకుంది. ఎండా గాలీ చొరని గుబురు చెట్లంటే దానికి ప్రీతి. ముప్పై అడుగుల ఎడంతో నాటిన మొక్కలైనా పాతికేళ్లు గడిచేసరికి కొమ్మలు కలిసిపోయి, మధ్యాహ్నం కూడా మొదళ్ల దగ్గర చీకటిగానే ఉంటుంది. అందుకే తేనెమంచు మీద అసలు పని కోత అయిన వెంటనే, జూన్, జూలైలలో జరగాలి. ఎండుకొమ్మలు, లోపలికి పెరిగినవి, ఒకదానిమీదొకటి పడ్డవి తీసేసి, ఎండ మొదలు దాకా దిగేలా చెట్టు నడుమ ఖాళీ చేయాలి. కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి. పక్షికన్ను తెగులు శిలీంద్రం దాగేది కూడా ఆ ఎండుపుల్లల్లోనే కాబట్టి కోసిన పుల్లలను తోటలో వదలకూడదు. ఈ పని ఆలస్యం చేస్తే మాత్రం నష్టమే. కొత్త చిగురు ముదరడానికి వ్యవధి ఉండదు, ముదరని రెమ్మకు పూత రాదు.

మందు అసలే వద్దని కాదు. పూమొగ్గ బయటపడేటప్పుడు ఒకసారి, పిందె బఠాణీగింజంత అయ్యాక మరోసారి పురుగు ఉధృతిని బట్టి కొట్టవచ్చు. రాత్రి చలి, ఉదయం మంచుతో బూడిద తెగులు సోకితే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం సరిపోతుంది. పూత పూర్తిగా విచ్చుకున్నప్పుడు పురుగుమందు కొట్టడమే ఘోరమైన పొరపాటు. మామిడి పూవుకు పుప్పొడి మోసేవి ఈగలూ తేనెటీగలే. వందల పూలున్న గెలలో కాయగా నిలిచేవి ఒకటో రెండో. ఆ ఒకటి రెండు కూడా నిలవకుండా చేసుకోవడానికి డబ్బు పోసి మందు కొనడం బాధ కలిగించే విషయం.

కాయ పక్వానికి వచ్చే వేళ పండు ఈగ వస్తుంది. అది తొక్కను పొడిచి లోపల గుడ్లు పెట్టిన చోట సూదిమొనంత మచ్చ తప్ప పైకి ఏమీ కనపడదు. లోపల పురుగు గుజ్జు తిని, కాయ రాలాక మట్టిలోకి దిగి, మళ్లీ ఈగై లేస్తుంది. ఈ ఈగ కారణంగానే 2014 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ భారత మామిడిని ఆపేసింది, 2015లో గానీ తలుపు తెరవలేదు. 2007లో మన మామిడిని మళ్లీ రానిచ్చిన అమెరికా కూడా కాయలకు రేడియేషన్ శుద్ధి జరగాలని షరతు పెట్టింది.

తోటలో దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. రాలిన కాయలను ఎప్పటికప్పుడు ఏరి లోతుగా పూడ్చాలి. చెట్ల కింద మట్టిని పైపైన దున్నితే కోశాలు బయటపడి ఎండకు చస్తాయి, పిట్టల పాలవుతాయి. మిథైల్ యూజినాల్ ఎర పెట్టిన బుట్టల్లో మగ ఈగలు పడతాయి. కాయ కోడిగుడ్డంత అయ్యేసరికి కాగితపు కవరు తొడిగితే ఈగ తాకలేదు, కాయ మచ్చ లేకుండా నిగనిగలాడుతుంది. అయితే కవరు తొడగాలంటే మనిషి చెయ్యి కాయకు అందాలి. నలభై అడుగులు పెరగనిచ్చిన చెట్టుకు ఆ భాగ్యం లేదు. ఇక్కడా మళ్లీ జూన్ కత్తిరింపు దగ్గరికే రావాలి.

ఆ జూన్‌లో తోటకు దిక్కెవరన్నదే చిక్కు. చాలాచోట్ల పూత మీదో పిందె మీదో తోటను వ్యాపారికి గుత్తకిస్తారు. అతను పెట్టుబడి రాబట్టుకోవాలి కనుక మందులు దండిగా కొట్టి, కాయ కోసుకుని వెళ్లిపోతాడు. రాలిన కాయలు అక్కడే కుళ్లుతాయి. అప్పటికే డబ్బు చేతికందిన యజమాని మళ్లీ పూత వచ్చేదాకా ఆ వైపు తొంగిచూడడు. కొమ్మ కత్తిరింపు ఎవరిది, కాయలు ఏరే కూలి ఎవరిది అన్నది గుత్త మాట్లాడుకున్న రోజే కాగితం మీద రాసుకోవాలి. మూడు నాలుగేళ్లకు కలిపి గుత్త కుదిరితే ఇంకా మంచిది. వచ్చే ఏటి కాపు కూడా తనదేనని తెలిసిన వ్యాపారి కత్తిరింపు ఖర్చుకు అంతగా వెనకాడడు.