పాత నాణెములకు పట్టిన చిలుము

పొలము దున్నునప్పుడో, పునాది త్రవ్వునప్పుడో మట్టిలోనుండి పచ్చని బిళ్ళ యొకటి బయటపడును. అది పాత రాగి నాణెమని తెలియగానే చింతపండుతో తోముట చాలమంది చేయు మొదటి పని. ఇత్తడి చెంబును మెరిపించిన చింతపండు నాణెమును కూడ మెరిపించును. కాని తోమిన తరువాత చూచినచో బొమ్మ అరిగిపోయి, అక్షరములు కనబడకుండును. ఆ అక్షరములు ఏమైనవి? చిలుముతోబాటు కడిగిన నీటిలో కలిసిపోయినవి.

ఇది చిన్న నష్టము కాదు. గోదావరి ఒడ్డున, నేటి జగిత్యాల జిల్లాలోనున్న కోటిలింగాలలో శాతవాహన రాజైన సిముకుని నాణెములు దొరికినవి. పురాణములలోను, మహారాష్ట్రమునందలి నానాఘాట్ గుహలోను కనిపించు ఆ పేరును తెలుగునేలపై దొరికిన నాణెములమీద చదువగలిగినారు. చిన్న బిళ్ళపై నాలుగైదు బ్రాహ్మీ అక్షరములు మిగిలియుండుటచేతనే అది సాధ్యమైనది.

చిలుముతో అక్షరములు ఎందుకు పోవును? మట్టిలోని తేమ, ఆమ్లజని కలిసి రాగిపై మొదట ఎఱ్ఱని క్యూప్రస్ ఆక్సైడు పొరను ఏర్పరచును. దానిపై కార్బన్ డయాక్సైడు, నీరు చేరగా పచ్చని క్షార కార్బనేటు పెరుగును. ఈ మార్పు వందల ఏండ్లు మెల్లగా జరుగుటచే, లోహము ఆక్సైడుగా మారిపోయినను నాణెముపై ముద్రించిన రూపము మాత్రము తరచుగా ఆ ఎఱ్ఱని పొరలోనే నిలిచియుండును. అనగా అక్షరము లోహములో లేదు, చిలుము పొరలలో ఉన్నది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము, నిమ్మరసములోని సిట్రిక్ ఆమ్లము ఈ పొరలను కరగించివేయును. మిగిలినది గుంటలుపడిన లోహము మాత్రమే. బూడిదతోను, ఇటుకపొడితోను తోమినచో ఆ మిగిలినదియు గీతలుపడి అరిగిపోవును.

అయితే పచ్చనిదంతయు ఒకటి కాదు. గట్టిగా, నున్నగా, ముదురుపచ్చగా నుండు పొర నాణెమునకు కవచము వంటిది. దానిని తీయకూడదు. లేతపచ్చని పొడి మచ్చలు మచ్చలుగా పొంగి, తాకగానే రాలుచున్నచో అది వేరు. దీనిని కంచు రోగము అందురు. మట్టిలోని ఉప్పువలన లోహమునంటి క్యూప్రస్ క్లోరైడు ఏర్పడియుండును. నాణెము బయటకు వచ్చి తేమగాలి తగిలినప్పుడు అది లేతపచ్చని క్షార క్లోరైడుగా మారుచు, హైడ్రోక్లోరిక్ ఆమ్లమును విడుదలచేయును. ఆ ఆమ్లము ఆమ్లజని సాయముతో లోపలి రాగిని తిని, మరల క్యూప్రస్ క్లోరైడును పుట్టించును. ఇట్లు చక్రము తిరుగుచున్నంతకాలము నాణెము లోలోపల తరుగుచునే యుండును. ఈ రోగమునకు మొదటి మందు పొడిగాలి. సాపేక్ష ఆర్ద్రత 40 శాతమునకు లోపుగా నున్నచో ఈ చర్య దాదాపు నిలిచిపోవును. మూతగట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లము నుంచుట ఇందుకే. ప్రయోగశాలలలో 1967 నుండి బెంజోట్రయజోల్ అను ద్రవ్యమును కూడ వాడుచున్నారు. అది రాగితో కలిసి పలుచని రక్షకపొర నేర్పరచును. అది విషపదార్థము గనుక నిపుణులే వాడవలెను.

రోగములేని రాగి నాణెమును శుభ్రము చేయదలచినచో స్వేదనజలములో నానబెట్టి, నీటిని దినమునకొకసారి మార్చుచుండవలెను. మట్టి మెత్తబడిన పిమ్మట భూతద్దము క్రింద చూచుచు, మెత్తని కుంచెతోను, చెక్కిన వెదురుపుల్లతోను మట్టిని మాత్రమే తొలగించవలెను. ఎఱ్ఱని పొర కనబడగానే ఆపవలెను. తరువాత స్పిరిటులో ముంచి తీసి, బాగుగా ఆరనిచ్చి భద్రపరచవలెను.

సీసపు నాణెములకు ఈ పద్ధతి పనికిరాదు. శాతవాహనులు సీసముతోను విరివిగా నాణెములు వేయించిరి. గాలి తగులుచున్న స్వేదనజలము సీసమును తినివేయును. ఇక చెక్కపెట్టెలనుండి వెలువడు ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి మరింత ప్రమాదము. అది గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి సీసమును తెల్లని కార్బనేటు పొడిగా మార్చి, తాను మరల విడుదలయి పని సాగించును. కంచు రోగమునందు వలెనే ఇక్కడను ఆమ్లము వ్యయము కాకుండ తిరిగివచ్చుచున్నది. ఆ తెల్లని పొడి విషము గనుక దానిని ఊదరాదు, ముట్టినచో చేతులు కడుగుకొనవలెను.

వెండిపై నల్లదనము గంధకపు సమ్మేళనము. అల్యూమినియపు రేకుపై నల్లబడిన వెండి చెంచా నుంచి, వేడి సోడానీరు పోసినచో గంధకము వెండిని విడిచిపోవును, వెండి నిలుచును. తరగతిలో దీనిని చేసి చూపవచ్చును. కాని మట్టిలో దొరికిన వెండి నాణెము లోపల పెళుసుబారి, పైన వెండి క్లోరైడు పట్టియుండవచ్చును. కనుక ఈ ప్రయోగమును దానిపై చేయరాదు.

ఏ నాణెమైనను శుభ్రము చేయుటకు ముందే దాని తూకము, రెండు ముఖముల చిత్రము, దొరికిన చోటు వ్రాసి యుంచవలెను. భూమిలో దొరికిన నిధిని గూర్చి కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి నిధుల చట్టము చెప్పుచున్నది. గనుక అట్టివాటిని ఇంటివద్ద తోముకొనుట తగదు. పొడిగా దాచిన నాణెమును పది సంవత్సరముల తరువాతనైనను నిపుణులు శుభ్రము చేయగలరు. తోమి పోగొట్టిన అక్షరమును ఏ రసాయనమును తిరిగి తేజాలదు.