చలువ యంత్రముల ఆయుర్దాయము

మాఘ ఫాల్గుణములు వచ్చునప్పటికి గుంటూరు ప్రాంతమున మిరపకల్లములు నిండును. కాయ ఎండిన తరువాతనే రైతునకు అసలు చిక్కు. అందఱును ఒక్కమారుగా అమ్మజూపినచో ధర పడిపోవును. ఇంట నిలువ చేసినచో వేసవి యెండలకు ఎఱుపు వెలిసి, పురుగు పట్టి సరకు చెడును. అందుచేత బస్తాలను శీతల గిడ్డంగికి తోలి, రసీదు పుచ్చుకొని, మంచి ధరకై యెదురుచూచును. ఆ రసీదుమీద అప్పు తెచ్చుకొనువారును గలరు. ఒక కుటుంబపు ఏడాది కష్టము, పిల్ల పెండ్లియో పిల్లవాని చదువో, ఒక ఇనుప యంత్రము రాత్రింబవళ్లు తిరుగుటపై ఆధారపడి యుండును.

ఆ యంత్రమునకు ప్రారంభము నాడు కొబ్బరికాయ కొట్టి పూలదండ వేయుదురు. పిమ్మట దానిని తలచువాడు ఆపరేటరొక్కడే.

పెద్ద గిడ్డంగులలో సాధారణముగా వాడునది అమోనియా. ఈ ద్రవము మామూలు పీడనమున సున్నకు దిగువ 33 డిగ్రీల వద్దనే మరుగును. మరుగుచు చుట్టునున్న వేడిని గ్రహించును. ఆ ఆవిరిని కంప్రెసరు నొక్కి కండెన్సరునకు పంపగా, అచట నీటితో తడియుచున్న గొట్టములలో వేడిని విడిచి మరల ద్రవమగును. పాఠ్యపుస్తకమున కథ ఇంతటితో ముగియును. గిడ్డంగిలో ఇక్కడనే మొదలగును. ఉప్పునీటి వలన కండెన్సరు గొట్టములపై పొలుసు కట్టును. లోపల గాలి చేరి పీడనము పెరుగును. కంప్రెసరునుండి కొట్టుకొనివచ్చిన నూనె అమోనియాలో కలియక గొట్టముల అడుగున నిలుచును. గదిలోని గొట్టములపై మంచు దట్టముగా పేరి, వేడిని లోనికి పోనీయని కంబళి యగును. వీనిలో ఏదియు యంత్రము నొక్కనాట ఆపదు. కరెంటు మీటరు మాత్రము కొంచెము త్వరగా తిరుగును. అందుకే గంటగంటకు పీడనములను, ఉష్ణోగ్రతలను వ్రాయు పుస్తకము అవసరమైనది. నిన్నటివలె గది చల్లబడుటకు నేడు రెండు గంట లెక్కువ పట్టినదని చెప్పగలది ఆ పుస్తకమే. కునుకుతీసి లేచి, నిన్నటి అంకెలనే నేటి గడులలో దింపువాడు ఉండుటకంటె పుస్తకము లేకుండుటయే మేలు!

అమోనియా కారినచో దాచుట అసాధ్యము. పదిలక్షల పాళ్ళ గాలిలో కొలది పాళ్ళున్నను ముక్కు పసిగట్టును. హెచ్చయినచో కండ్లను, ఊపిరితిత్తులను కాల్చి ప్రాణము తీయును. పైకి కనుపించని చోట, చలువ పోకుండ చుట్టిన పొరల క్రింద, తేమ చేరి గొట్టము తుప్పుపట్టుటయే పెద్ద భయము. ఏండ్లు గడచిన కొలది ఆ పొరలను విప్పి చూడవలెను. ఖర్చని దీనిని వాయిదా వేయు యజమాని తన సొమ్ము కాదు, కూలివాని ఊపిరిని పొదుపు చేయుచున్నాడు.

ఈ భయము తీర్చుటకే అమెరికా రసాయనవేత్త థామస్ మిడ్జిలీ బృందము 1928లో క్రొత్త వాయువును కల్పించెను. 1930లో ఆయన శాస్త్రజ్ఞుల సభలో ఆ వాయువును తానే పీల్చి, విడిచి, కొవ్వొత్తి నార్పి చూపెను. విషము కాదు, మండదు, చాటిచెప్పు వాసనయు లేదు. లోకము సంతోషించినది. కాని కారిన వాయువు ఎక్కడికి పోవునని చాలకాలము ఎవరును అడుగలేదు. 1974లో మొలీనా, రోలండులు అడిగిరి. అది ఆకాశమున పైకెక్కి, సూర్యుని తీక్ష్ణకిరణములచే విడివడి, అందలి క్లోరిను ఓజోనును తినివేయునని వారు చూపిరి. 1985లో దక్షిణధ్రువముపై ఆ పొర పలుచబడుట వెల్లడియైనది. 1987లో మాంట్రియల్ ఒడంబడిక కుదిరినది; 1992లో భారతదేశమును చేరినది. తరువాత వచ్చిన వాయువులలో కొన్ని ఓజోనునకు కీడు చేయవు గాని, బొగ్గుపులుసు వాయువుకంటె వేయిరెట్లకు పైగా భూమిని వేడెక్కించును. వానిని తగ్గించుటకు 2016లో కిగాలిలో మఱియొక ఒప్పందము జరిగినది.

ఒడంబడికలు నగరములలో వ్రాయబడును. వాయువు మాత్రము బజారులో కారును. మిఠాయి దుకాణములోనో, పాల దుకాణములోనో పెట్టె చల్లబడుట మానినచో యజమాని మెకానిక్కును పిలిచి "గ్యాసు నింపు" మనును. అతడు నింపి పోవును. మరుసటి వేసవికి మరల అదే పిలుపు. మూసియున్న గొట్టములో గ్యాసు అరిగిపోదు. తగ్గినదనగా ఎక్కడనో చిల్లి యున్నదన్నమాట. ఒక్క సబ్బునురుగు పూసినను బుడగ లేచి చోటు చూపును. వాసన లేని వాయువునకు సాక్ష్యము వ్రాతయే: ఏ తేదీన, ఎన్ని గ్రాములు, ఎందుచేత. ఏ పెట్టెకు రెండుమారులు గ్యాసు నింపబడినదో దానికి మూడవమారు నింపుటకు ముందు చిల్లి వెదకవలెను. కండెన్సరు రెక్కల దుమ్ము దులుపుట, తలుపు రబ్బరు మార్చుట చిన్న పనులే. కాని పెట్టె జీవితకాలపు కరెంటు ఖర్చు తఱచుగా దాని కొన్న వెలను మించును.

చివరకు పెట్టె పాత ఇనుము వానిని చేరును. అతడు రాగి కొఱకు గొట్టమును కోయగా ఒక్క బుస్సుమను చప్పుడు వినబడి ఆగును. పదునైదేండ్లు కాపాడిన వాయువంతయు ఆ నిమిషములో పోయినట్లే. అట్లు గాక, కోయకముందే యంత్రముతో దానిని లాగి సిలిండరులో పట్టవచ్చును. వేడికి ద్రవము వ్యాకోచించును గనుక సిలిండరును ఎనుబది పాళ్ళకు మించి నింపరాదు. పట్టినదానిని తూచి, మొదట నింపిన తూకముతో పోల్చి, పెట్టె పుస్తకపు చివరి పుటలో వ్రాయుదురు. శుద్ధి చేసినచో ఆ వాయువు మఱియొక పెట్టెకు పనికివచ్చును. పాతకాలపు పెట్టెల గోడలలోని నురుగునందును అదే జాతి వాయువు చిక్కియుండును. దానిని మాత్రము ఇప్పటికిని చాలచోట్ల చెత్తతో పాటే పారవేయుచున్నారు.