మీకు తెలుసా? ఆటతోనూ విమానమెక్కొచ్చు!

అమీర్‌పేట మైత్రీవనం నుంచి పంజాగుట్ట చౌరస్తా దాకా నడిస్తే విదేశాలకు దారి చూపే బోర్డులు బోలెడు. జావా, పైథాన్, జీఆర్‌ఈ, వీసా కన్సల్టెన్సీ... ఆటగాళ్లకు మాత్రం అలాంటి కోచింగ్ సెంటర్ లేదు. అయినా వెళ్లినవాళ్లున్నారు.

నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య సంగతే చూడండి. కేరళ క్లబ్బు గోకులం తరఫున ఆడి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళా ఫుట్‌బాల్ జట్టులో చేరింది. మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్ కూడా అదే ఏడాది ఆ జాగ్రెబ్ జట్టులోనే చేరింది. తిరిగొచ్చిన సౌమ్య ఈస్ట్ బెంగాల్‌తో 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ టైటిల్ గెలిచింది. ఆ సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే. మన పత్రికల్లో రావాల్సినంత పేరు రాలేదనిపిస్తుంది.

మరి బాస్కెట్‌బాల్? కేరళకు చెందిన గీతూ అన్నా జోస్ ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ హాక్స్ క్లబ్బుకు ఆడింది. పంజాబ్‌లోని బల్లోకే గ్రామం కుర్రాడు సత్నామ్ సింగ్, 7 అడుగుల 2 అంగుళాల మనిషి, 2015లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను తీసుకునే ప్రక్రియలో) ఎంపికైన తొలి భారతీయుడయ్యాడు. డల్లాస్ మావెరిక్స్ జట్టు అతన్ని 52వ స్థానంలో తీసుకుంది. తీసుకుందే కానీ ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఆడించలేదు. అనుబంధ జట్టు టెక్సాస్ లెజెండ్స్‌తోనే సరి. తర్వాత అతను అమెరికాలోనే ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి దిగాడు!