ఒక్క అచ్చు, ఇరవై కంప్యూటర్లు

కీసరలో బస్సెక్కి పట్నం వైపు వెళ్ళేవారు నాగారం దాటాక ఈసీఐఎల్ చౌరస్తా చేరుకుంటారు. ఆ పేరు రోజూ వింటారు గాని, దాని వెనక ఉన్న సంగతి చాలామంది పిల్లలకు తెలియదు. ఈసీఐఎల్ అంటే ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్. అణుశక్తి శాఖ కింద 1967లో ఏర్పడిన ఈ ప్రభుత్వ సంస్థ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరును తయారుచేసింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటరు. మన దేశంలోనే తయారై అమ్మకానికి వచ్చిన తొలి కంప్యూటర్లలో అది ఒకటి.

ఆ కాలపు కంప్యూటర్లలో చాలావాటికి ఒక ఇబ్బంది ఉండేది. మీట నొక్కగానే అవి పనిలోకి దిగేవి కావు. చిల్లులు పొడిచిన కాగితపు పట్టీ మీదనుంచి ప్రోగ్రామును వాటికి చదివించాలి. అప్పుడు గాని అవి పని మొదలుపెట్టేవి కావు.

ఇప్పటి కంప్యూటరుకు ఆ అవస్థ లేదు. మీట నొక్కగానే అది తన డిస్కులో ఒక నియమిత స్థలాన్ని చూస్తుంది. అక్కడ ఉన్న చిన్న ప్రోగ్రాము ఒక పెద్ద ప్రోగ్రామును నిద్ర లేపుతుంది. ఆ పెద్ద ప్రోగ్రామునే ఆపరేటింగ్ సిస్టం అంటారు. బడిలో హెడ్మాస్టరు పని ఎలాంటిదో, కంప్యూటరులో దీని పని అలాంటిది. ఏ తరగతి ఏ గదిలో కూర్చోవాలి, ఆటస్థలం ఎవరికి ఎప్పుడు, తాళంచెవులు ఎవరి దగ్గర ఉండాలి, ఇవన్నీ హెడ్మాస్టరు చూస్తాడు. అలాగే ఏ ప్రోగ్రాముకు ఎంత చోటివ్వాలి, ఏ ఫైలు ఎక్కడ ఉండాలి, కీబోర్డు మీద మీరు నొక్కిన అక్షరం ఎవరికి చేరాలి, ఇవన్నీ ఆపరేటింగ్ సిస్టం చూస్తుంది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. కీసరలో ఒక బడి ఉందనుకోండి. అందులో 20 పాత కంప్యూటర్లున్నాయి. వాటిలో ఉన్నది విండోస్ 10 అనే ఆపరేటింగ్ సిస్టం. దాన్ని తయారుచేసిన మైక్రోసాఫ్టు సంస్థ 2025 అక్టోబరు 14తో దానికి సాధారణ మద్దతు ఆపేసింది. తరవాత వచ్చిన విండోస్ 11 చాలా పాత కంప్యూటర్లకు సరిపోదు. అంతమాత్రాన ఆ 20 యంత్రాలను పాత ఇనుముకు వేసేయవలసిందేనా? అక్కర్లేదు. ఉచితంగా దొరికే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వాటిలో చాలావాటిమీద చక్కగా నడుస్తుంది.

అయితే దాన్ని ఎవరు ఎక్కించాలి? ఒక్కొక్క కంప్యూటరు ముందు కూర్చుని లినక్స్ ఎక్కించి, తెలుగు అక్షరాలు పెట్టి, పిల్లలకు కావలసిన ప్రోగ్రాములు చేర్చడానికి రెండు గంటలు పడుతుందనుకుందాం. 20 కంప్యూటర్లకు 40 గంటలు. రోజుకు అయిదు గంటల చొప్పున ఎనిమిది రోజులు! పైగా ఇరవై చోట్లా ఒకేలా చేశామన్న భరోసా లేదు. ఏడో కంప్యూటరులో తెలుగు ఫాంటు మరిచిపోవచ్చు. పదమూడో దానిలో బొమ్మలు వేసే ప్రోగ్రాము తప్పిపోవచ్చు.

ఇలాంటి చిక్కు మాకు వెనకటికి పరీక్షపత్రాల విషయంలో ఉండేది. మీ నాన్ననో అమ్మనో అడగండి, సైక్లోస్టైలు యంత్రం గురించి చెబుతారు. ప్రశ్నపత్రాన్ని ముందు కాగితంమీద రాసేవాళ్ళం. తరవాత మైనపు పూత ఉన్న స్టెన్సిలు కాగితంమీద ఒక్కసారి టైపు చేసేవాళ్ళం. దాన్ని యంత్రానికి తగిలించి పిడి తిప్పితే, రెండువందల మంది పిల్లలకు రెండువందల పత్రాలు వచ్చేవి. అన్నీ ఒకేలా ఉండేవి. స్టెన్సిలులో తప్పుంటే ఆ తప్పు కూడా రెండువందల పత్రాల్లోనూ ఉండేది! అందుచేత పిడి తిప్పే ముందు ఒక్క కాగితం తీసి, దాన్ని ఇద్దరు ఉపాధ్యాయులు చదివి చూసేవారు.

కంప్యూటర్లకు కూడా ఇలాంటి స్టెన్సిలు ఉన్నది. దాన్ని డిస్కు ఇమేజి అంటారు. మనం దాన్ని అచ్చు అందాం. ఒక డిస్కులో మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఏముండాలో, కంప్యూటరును నిద్ర లేపే చిన్న ప్రోగ్రాముతో సహా, మొత్తం వరసగా ఒకే ఫైలులో ఉంటుంది. ఆ ఫైలును పెన్‌డ్రైవు మీద అచ్చు వేస్తే, ఆ పెన్‌డ్రైవుతో కంప్యూటరు మేలుకొంటుంది.

మన భాషకు ఇలాంటి ప్రయత్నం కొత్త కాదు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థవారు 2005లో లినక్స్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టంను విడుదల చేశారు. బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ అని మరొకటి కూర్చారు. సీడాక్ అనే ప్రభుత్వ సంస్థ 2007లో బాస్ అనే లినక్స్‌ను తెచ్చింది. అది తెలుగుతో పాటు మన దేశపు భాషలు అనేకం చూపగలదు. వీళ్ళెవరూ లినక్స్‌ను మొదటి అక్షరం నుంచి రాయలేదు. లినక్స్ మూలం అందరూ చదవడానికీ, మార్చుకోవడానికీ వీలుగా బయటే ఉన్నది. దాన్ని తీసుకుని మన అవసరానికి తగినట్టు కూర్చారు.

బాస్‌కు ఆధారమైనది డెబియన్ అనే లినక్స్. 1993లో ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి దాన్ని ప్రారంభించాడు. తన స్నేహితురాలు డెబ్రా పేరూ, తన పేరూ కలిపి డెబియన్ అని పెట్టాడు. దాని ఒక్కొక్క విడతకు మీరు సినిమాలో చూసిన టాయ్ స్టోరీ బొమ్మల పేర్లు పెడతారు. 2025 ఆగస్టులో వచ్చిన 13వ విడత పేరు ట్రిక్సీ. దానిలో ఎంచుకోవడానికి దాదాపు 70 వేల ప్యాకేజీలు, అంటే ప్రోగ్రాముల పొట్లాలు ఉన్నాయి.

ఈ డెబియన్‌తో అచ్చు తయారుచేసే పనిముట్టు పేరు లైవ్-బిల్డ్. దానికి బొమ్మలు ఉండవు, నొక్కడానికి బొత్తాలు ఉండవు. టెర్మినల్ అనే నల్లని కిటికీ తెరిచి, కీబోర్డుతో ఆజ్ఞ రాయాలి. అందుకే ఇలాంటివాటిని కమాండు పనిముట్లు అంటారు. ఆజ్ఞలు ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి. ఇక్కడ మటుకు పలికే తీరు చెబుతాను.

మొదటి ఆజ్ఞ, ఎల్‌బీ కాన్ఫిగ్. దీనితో కాన్ఫిగ్ అనే పేరుతో ఒక సంచి, అంటే ఫోల్డరు, తయారవుతుంది. అందులో మనం మనక్కావలసినవి రాసి పెట్టాలి. పెళ్ళికి సరుకుల చిట్టా రాస్తారు చూడండి, అలాగే ఒక ఫైలులో వరసకు ఒకటి చొప్పున ప్యాకేజీల పేర్లు రాయాలి. బొమ్మలు వేయడానికి టక్స్ పెయింట్. అది తెలుగులో కూడా పలకరిస్తుంది. లెక్కలూ ఆటలూ నేర్పడానికి జీకాంప్రి. రాత్రి ఆకాశంలో నక్షత్రాలు చూపడానికి స్టెల్లేరియం. తెలుగు అక్షరాలకు పోతన, వేమన అనే ఫాంట్లు. ఈ చిట్టా కాకుండా, ఉన్నవి ఉన్నట్టుగా చేర్చవలసిన ఫైళ్ళకు మరో ఫోల్డరు ఉంటుంది. మన కీసర బడివాళ్ళు కీసరగుట్ట ఫోటో ఒకటి అందులో పెట్టుకోవచ్చు. తెర మీద అదే కనిపించాలని ఒక వాక్యం రాసిపెడితే, కంప్యూటరు తెరవగానే గుట్ట కనిపిస్తుంది.

రెండో ఆజ్ఞ, ఎల్‌బీ బిల్డ్. దీనికి కంప్యూటరు యజమాని అధికారం కావాలి. కనక దాని ముందు సూడూ అనే మాట చేర్చాలి. ఇక అసలు పని మొదలవుతుంది. లైవ్-బిల్డ్ ముందుగా ఇంటర్నెట్ నుంచి డెబియన్ పునాదిని తెచ్చి ఒక మూల పెడుతుంది. తరవాత ఆ పునాదిలోకి తానే ప్రవేశించి, మన చిట్టా ప్రకారం ఒక్కొక్క ప్యాకేజీని అమరుస్తుంది. అంతా అయ్యాక, పత్తిని బేలు కట్టినట్టు మొత్తాన్ని గట్టిగా నొక్కి చిన్నది చేస్తుంది. చివరికి నిద్ర లేపే ప్రోగ్రామును చేర్చి, ఐఎస్ఓ అనే రకం ఫైలుగా చేతికిస్తుంది. అదే మన అచ్చు.

ఇంతసేపూ తెర మీద అక్షరాలు పరుగెత్తుతూనే ఉంటాయి. చూసేవారికి భయం వేస్తుంది. భయపడనక్కర్లేదు. పని మధ్యలో ఆగిపోతే, చివరి పది వరసలు నెమ్మదిగా చదవాలి. చిట్టాలో ఏదో ఒక పేరు తప్పు రాసి ఉంటే, ఆ పేరు గల ప్యాకేజీ దొరకలేదని అక్కడే రాసి ఉంటుంది. తప్పు దిద్ది, ఎల్‌బీ క్లీన్ అనే ఆజ్ఞతో పాత సామాను ఊడ్చేసి, మళ్ళీ మొదలుపెట్టాలి.

అచ్చు వచ్చింది గదా అని వెంటనే ఇరవై యంత్రాలకు పట్టుకుపోకూడదు. స్టెన్సిలు సంగతి గుర్తున్నదా? మొదట ఒక్క కాగితం తీసి చూడాలి. క్యూఈఎంయూ అనే ప్రోగ్రాము ఒకటి ఉన్నది. అది కంప్యూటరులో మరొక ఉత్తుత్తి కంప్యూటరును సృష్టిస్తుంది. మన అచ్చును అందులో నడిపి, తెలుగు సరిగా కనిపిస్తున్నదా, క్షా అనీ, స్త్రీ అనీ రాస్తే విడిపోకుండా వస్తున్నాయా అని పరీక్షించాలి.

మరొక పరీక్ష కూడా ఉన్నది. షా-256 అనే లెక్క ప్రకారం, ఎంత పెద్ద ఫైలుకైనా 64 గుర్తుల వేలిముద్ర తీయవచ్చు. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ వేలిముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. మీరు చేసిన అచ్చును శామీర్‌పేటలోని స్నేహితుడికి పంపినప్పుడు వేలిముద్ర కూడా విడిగా చెప్పండి. అతను తన దగ్గర తీసిన వేలిముద్ర దానితో సరిపోతే, అచ్చు దారిలో చెడిపోలేదన్న మాట.

ఇక పెన్‌డ్రైవు మీద వేయడం. ఐఎస్ఓ ఫైలును మామూలుగా పెన్‌డ్రైవులోకి కాపీ చేస్తే చాలదా అని మీరడగవచ్చు. చాలదు. విత్తనాల పొట్లాన్ని తీసుకుపోయి పొలం మధ్య పెడితే పైరు వస్తుందా? పొట్లం విప్పి చల్లాలి. అలాగే అచ్చును విప్పి, పెన్‌డ్రైవు మొదటి గడి నుంచి వరసగా పరచాలి. ఈ పని చేసే ఆజ్ఞ పేరు డీడీ. దానికి రెండు సంగతులు చెప్పాలి: ఎక్కడినుంచి తీసుకోవాలి, ఎక్కడ రాయాలి.

పిల్లలూ, ఇక్కడ బాగా జాగ్రత్తగా ఉండాలి. డీడీ మంచి పనివాడే గాని, ఎదురుప్రశ్న వేయడు. పెన్‌డ్రైవు పేరుకు బదులు పొరపాటున కంప్యూటరు డిస్కు పేరు చెబితే, దానిమీదే రాసేస్తాడు. బడి రికార్డులు, మార్కుల జాబితాలు, ఇంట్లో అయితే అమ్మమ్మ ఫోటోలు, అన్నీ పోతాయి. కనక ఎల్ఎస్‌బీఎల్‌కే అనే ఆజ్ఞతో డిస్కుల జాబితా తీసి, పరిమాణం చూసి, ఏది పెన్‌డ్రైవో తేల్చుకోవాలి. ఒకరు ఆజ్ఞ రాయాలి, మరొకరు పైకి చదవాలి. ఇద్దరూ సరేనన్నాక, దగ్గర పెద్దవాళ్ళు ఉండగా, ఎంటర్ నొక్కాలి.

ఇలా చేసిన పెన్‌డ్రైవును పెట్టి కంప్యూటరు తెరిస్తే, లోపలి డిస్కును ముట్టుకోకుండానే లినక్స్ నడుస్తుంది. అందుకే దీనికి లైవ్ అని పేరు. నచ్చితే లోపల ఎక్కించుకోవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవు తీసేస్తే సరి, పాతది పాతట్టే ఉంటుంది. ఒక్క సంగతి మటుకు ముందే చూసుకోవాలి: ట్రిక్సీని నేరుగా ఎక్కించాలంటే 64 బిట్ల కంప్యూటరు ఉండాలి. మరీ పాతవైన 32 బిట్ల యంత్రాల మీద అది లేవదు.

ఇన్ని తిప్పలు పడేకంటే, చక్కగా అమర్చిన ఒక కంప్యూటరు డిస్కునే అచ్చు తీసి మిగతావాటికి వేస్తే పోలేదా? అదీ ఒక పద్ధతే. కాని అందులో ఒక లోపం ఉన్నది. ఆ కంప్యూటరును అమర్చిన ఉపాధ్యాయుడికి వేరే ఊరికి బదిలీ అయితే, దానిలో ఏమేమి చేర్చాడో, ఎందుకు చేర్చాడో ఎవరికీ తెలియదు. అచ్చు మిగులుతుంది, విద్య మిగలదు. లైవ్-బిల్డ్ పద్ధతిలో అలా కాదు. కాన్ఫిగ్ ఫోల్డరులో ఉన్న చిట్టా నాలుగైదు పేజీలకు మించదు. దాన్ని ఏడో తరగతి పిల్లవాడు కూడా చదవగలడు. కొత్త విడత వచ్చినప్పుడు, అదే చిట్టాతో కొత్త అచ్చు తీయవచ్చు. అందులో తప్పుంటే ఒక్కచోట దిద్దితే, ఇరవై చోట్లా దిద్దినట్టే.

ఇంకొక లాభం కూడా ఉన్నది. ఒకే చిట్టాతో, అవే ప్యాకేజీలతో ఎవరు ఎక్కడ చేసినా ఒక్క చుక్క తేడా లేకుండా ఒకే ఫలితం రావాలని డెబియన్‌వారు 2013 నుంచి పాటుపడుతున్నారు. అది పూర్తిగా సాధ్యమైనచోట, కీసరలో చేసిన అచ్చుకూ, మేడ్చల్‌లో చేసిన అచ్చుకూ వేలిముద్ర ఒకటే ఉంటుంది. అప్పుడు దొంగతనంగా ఎవరూ ఏదీ చేర్చలేదని ఎవరికి వారే రుజువు చేసుకోవచ్చు. లెక్కలో జవాబు ఒక్కటే రాస్తే మార్కులు రావనీ, చేసిన విధానం కూడా చూపాలనీ మీ మాస్టారు చెబుతారు గదా. కారణం ఇదే.

మీరు వెంటనే లైవ్-బిల్డ్ నడపనక్కర్లేదు. ముందుగా ఒక కాగితం తీసుకోండి. మీ బడి కంప్యూటర్లలో ఏయే ప్రోగ్రాములుంటే బాగుంటుందో స్నేహితులతో మాట్లాడి, వరసకు ఒకటి చొప్పున రాయండి. ప్రతి పేరు పక్కన అది ఎందుకు కావాలో ఒక్క వాక్యంలో రాయండి. కారణం చెప్పలేని పేరు కొట్టేయండి. మిగిలిన చిట్టాను తీసుకుపోయి మీ మాస్టారుకు చూపించండి. సగం పని అయినట్టే.